హువావే మీద ఆంక్షలు: ఫోన్ కొన్నవాళ్ళకు అసలేం పోయింది?

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి ‘అబౌట్ ఫోన్’లోకి వెళ్ళండి. అక్కడో, ఇంకో మెట్టు లోపలో ‘సెక్యూరిటీ అప్‌డేట్’ అని ఒక లైను, దాని పక్కన ఒక తేదీ కనిపిస్తాయి. మనలో చాలామంది ఆ తేదీని ఒక్కసారి కూడా చూసి ఉండం. ఫోన్ హ్యాకర్ల చేతికి, వైరస్‌ల చేతికి చిక్కకుండా చివరిసారి ఎప్పుడు మరమ్మతు జరిగిందో చెప్పేది అదే. 2019 మే నెలలో చైనా కంపెనీ హువావే ఫోన్లు వాడుతున్న కోట్లమందికి ఉన్నట్టుండి ఆ తేదీ మీద బెంగ పట్టుకుంది. ఇది ఇక ముందుకు కదులుతుందా, ఇక్కడే ఆగిపోతుందా?

చిన్న కంపెనీ అయితే ఇంత గోల ఉండేది కాదు. హువావే అంతకు ముందు ఏడాది, అంటే 2018లో, 20 కోట్లకు పైగా ఫోన్లు అమ్మింది. ఆ ఫోన్లు కొన్నవాళ్ళు అమెరికా, చైనాల తగాదాలో ఏ పక్షమూ కాదు. కెమెరా బాగుందనో, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందనో కొనుక్కున్నారు, అంతే. అందుకే ఈ కథను కంపెనీ వైపు నుంచి కాకుండా వాళ్ళ వైపు నుంచి చెప్పుకోవాలనిపించింది.

ఆ వారం ఇలా నడిచింది. మే 15 బుధవారం నాడు అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ టెలికాం భద్రత పేరుతో ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. మర్నాడు అమెరికా వాణిజ్య శాఖ హువావేని, దాని అనుబంధ సంస్థలు 68ని ‘ఎంటిటీ లిస్ట్’ అనే జాబితాలో చేర్చింది. ఆదివారానికల్లా గూగుల్ హువావేతో కొంత వ్యాపారం ఆపేస్తోందన్న వార్త ప్రపంచమంతా పాకింది. సోమవారం, అంటే 20న, అదే వాణిజ్య శాఖ పాత ఫోన్లకు అప్‌డేట్లవీ ఆగకుండా 90 రోజులకు తాత్కాలిక లైసెన్స్ ఇచ్చి కాస్త పట్టు సడలించింది. ఇదంతా ఆరు రోజుల్లో అయిపోయింది. జనానికి చేరింది మాత్రం ఒక్క ముక్క: ‘హువావే ఫోన్లలో గూగుల్ బంద్’. ఆ ముక్కలో సగమే నిజం.

ముందు ఆ జాబితా అంటే ఏమిటో చూద్దాం. చాలామంది దాన్ని ‘హువావే ఫోన్లు అమ్మకూడదన్న నిషేధం’ అనుకున్నారు. అది కాదు. హువావే ఏమీ అమ్మకూడదని ఆ జాబితా చెప్పదు. హువావేకి ఏమీ అమ్మకూడదని అమెరికా తన కంపెనీలకు చెప్పింది. అమ్మాలంటే ప్రభుత్వం దగ్గర లైసెన్స్ తీసుకోవాలి, అడిగినా సాధారణంగా ఇవ్వరు. ఇక్కడ ‘అమ్మడం’ అంటే పెట్టెలో పెట్టి పంపే వస్తువు ఒక్కటే కాదు. సాఫ్ట్‌వేర్, సాంకేతిక సాయం కూడా అందులోకి వస్తాయి. ఇరాన్ మీద ఉన్న ఆంక్షలను హువావే ఉల్లంఘించిందన్న కేసును అమెరికా కారణంగా చూపింది. దాని వెనక గూఢచర్యం అనుమానాలూ ఉన్నాయి. కంపెనీ అవన్నీ కాదంది. ఆ వాదం తేల్చడం ఈ వ్యాసం పని కాదు. అయితే దెబ్బ తగిలిన చోటు మాత్రం గమనించాలి. దెబ్బ ఫోన్ మీద పడలేదు. ఫోన్ తయారుచేసేవాడికి సరుకు వచ్చే దారి మీద పడింది. మన చేతిలోని ఫోన్‌కి ఆ నొప్పి తెలియడానికి కొంత కాలం పడుతుంది, అదీ ఒక్కొక్కరికి ఒక్కోలా తెలుస్తుంది.

హువావే ఫోన్లన్నీ ఆండ్రాయిడ్‌వే కదా, ఆండ్రాయిడ్ గూగుల్‌దే కదా, మరి మర్నాటికి మొత్తం ఎందుకు ఆగిపోలేదు? ఎందుకంటే మనం ఆండ్రాయిడ్ అని ఒక్క మాటలో పిలిచేది నిజానికి రెండు పొరలు.

కింది పొర అందరిదీ. దాని కోడ్‌ను గూగుల్ బహిరంగంగా పెడుతుంది. ఊరి చెరువు లాంటిది, బిందె పట్టుకెళ్ళి ఎవరైనా ముంచుకోవచ్చు. ఇలా బహిరంగంగా ప్రచురించిన కోడ్ అమెరికా ఎగుమతి నిబంధనల కిందికి రాదు. కాబట్టి హువావే దాన్ని వాడుకోకుండా ఎవరూ ఆపలేదు. పై పొర మాత్రం కుళాయి కనెక్షన్. ప్లే స్టోర్, జీమెయిల్, మ్యాప్స్, యూట్యూబ్, వీటన్నిటికీ అడుగున కనిపించకుండా పనిచేసే ‘గూగుల్ ప్లే సర్వీసెస్’, ఇవన్నీ గూగుల్ సొంత ఆస్తి. ఫోన్ కంపెనీ ఒప్పందం రాసుకోవాలి, ప్రతి కొత్త మోడల్‌నీ పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆంక్షలు తెంపింది ఈ కుళాయిని.

దీంతో ఫోన్ ఓనర్ల భవిష్యత్తు ఒక తేదీ చుట్టూ తిరగడం మొదలైంది. 2019 మే 16 నాటికి బజార్లో ఉన్న మోడళ్ళకు గూగుల్ సేవలు కొనసాగుతాయి. ఆ తర్వాత వచ్చే కొత్త మోడళ్ళకు సర్టిఫికెట్ దొరకదు. ఇక్కడ చాలామంది తికమకపడ్డారు. లెక్కలోకి వచ్చేది మీరు ఫోన్ కొన్న రోజు కాదు, ఆ మోడల్ బజార్లోకి వచ్చిన రోజు. 2019 మార్చిలో విడుదలైన పీ30 ప్రోను ఎవరైనా ఆ ఏడాది డిసెంబర్‌లో కొన్నా గూగుల్ నిక్షేపంగా పనిచేసింది. అదే ఏడాది సెప్టెంబర్ 19న మ్యూనిక్‌లో ఆవిష్కరించిన మేట్ 30 ప్రోను అంతకంటే ఎక్కువ డబ్బు పోసి కొన్నవాళ్ళకు ప్లే స్టోర్ లేదు. హువావే కూడా ఈ కిటుకును వాడుకుంది. పీ30 లైట్‌నీ పీ30 ప్రోనీ 2020లో ‘న్యూ ఎడిషన్’ అని మళ్ళీ విడుదల చేసింది. లోపల పాత ఫోనే కాబట్టి గూగుల్ ఉంది.

గీత అంత తిన్నగానూ లేదు. మే తర్వాత వచ్చినవాటిలో కూడా కొన్నిటికి గూగుల్ దక్కింది, కొన్నిటికి దక్కలేదు. మన దేశంలోనే చూడండి. అప్పట్లో హానర్ హువావేలో భాగం. 2020 జనవరిలో ఇక్కడ విడుదలైన హానర్ 9ఎక్స్‌లో ప్లే స్టోర్ ఉంది. మే నెలలో వచ్చిన హానర్ 9ఎక్స్ ప్రోలో లేదు, దాని బదులు హువావే సొంత యాప్ దుకాణం ‘యాప్‌గ్యాలరీ’ ఉంది. రెండు ఫోన్ల పేర్లలో తేడా ఒక్క ‘ప్రో’ అన్న మాటే. మామూలుగా మనకు ప్రో అంటే ఇంకా మంచిదని లెక్క. పేరు చూసి కొనే మనిషి ఈ తేడా ఎలా కనిపెడతాడు? ఆంక్షల భారాన్ని కొనేవాడి తెలివితేటల మీద వదిలేయడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

మరి గూగుల్ లేకపోతే రోజువారీ జీవితంలో ఏమవుతుంది? కువైట్ నుంచి మేనమామ 2020లో ఒక కొత్త హువావే ఫోన్ తెచ్చి ఇచ్చాడనుకోండి. సిమ్ వేస్తే కాల్స్ వెళ్తాయి. కెమెరా అద్భుతంగా ఉంటుంది. ప్లే స్టోర్ బొమ్మ ఉండదు, సరే, యాప్‌లు వేరే చోట నుంచి దించుకుంటాం. వాట్సాప్ తన సొంత వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, పడుతుంది, పనిచేస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. అప్పుడు ‘పాత చాట్‌లు తిరిగి తెచ్చుకోండి’ అన్న దగ్గర ఆగిపోతాం. పాత ఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ వెళ్ళి కూర్చున్నది గూగుల్ డ్రైవ్‌లో. కొత్త ఫోన్‌కి ఆ తలుపు లేదు. పోయిన ఏడాది చనిపోయిన అమ్మమ్మ వాయిస్ మెసేజ్‌లు ఆ బ్యాకప్‌లో ఉంటే, చిక్కు ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది.

తర్వాత క్యాబ్ యాప్ తెరుస్తాం. యాప్ ఎక్కుతుంది, కానీ మ్యాప్ ఉండాల్సిన చోట ఖాళీ కనిపించవచ్చు. ఆ కంపెనీ మ్యాప్‌ను సొంతంగా గీయదు, గూగుల్ దగ్గర అరువు తెచ్చుకుంటుంది. ఇంకో యాప్ ‘గూగుల్ ప్లే సర్వీసెస్ లేనిదే ఇది నడవదు’ అని మొహం మీదే చెప్పేస్తుంది. మరొకటి నడుస్తుంది గానీ నోటిఫికేషన్ రాదు, యాప్ తెరిస్తేనే మెసేజ్ కనబడుతుంది. ఎందుకంటే ఒక్కో యాప్ ఒక్కో లైను పట్టుకుని కూర్చుంటే బ్యాటరీ అయిపోతుందని, ఆండ్రాయిడ్‌లో చాలా యాప్‌ల మెసేజ్‌లను గూగుల్ ఒకే లైను మీద తెచ్చి పంచిపెడుతుంది. ఆ పోస్ట్‌మ్యాన్ ఈ ఫోన్‌లో లేడు. కొన్ని బ్యాంకు యాప్‌లు తెరిచే ముందు ‘ఈ ఫోన్ నమ్మదగినదేనా’ అని గూగుల్‌ని అడుగుతాయి. జవాబు చెప్పేవాళ్ళు లేరు కాబట్టి లోపలికి రానివ్వవు. దుకాణంలో ఫోన్ తాకించి డబ్బు కట్టే గూగుల్ పే సౌకర్యమూ అంతే.

ఇలా చూస్తే పోయింది ప్లే స్టోర్ ఒక్కటే కాదు. ప్లే స్టోర్‌కి ప్రత్యామ్నాయం దొరుకుతుంది. ఇతర కంపెనీల యాప్‌లన్నిటికీ అడుగున పరిచి ఉన్న గూగుల్ పునాది పోయింది. హువావే తన సొంత సేవలు కట్టుకుంది, యాప్ తయారీదారులకు డబ్బూ సాయమూ ఇచ్చి రప్పించింది. చైనాలో అయితే ఈ చిక్కే లేదు, అక్కడి ఫోన్లలో ముందు నుంచీ గూగుల్ సేవలు ఉండవు. నొప్పి అంతా చైనా బయట కొన్నవాళ్ళది.

అడ్డదారులు వెంటనే పుట్టుకొచ్చాయి. మేట్ 30 వచ్చిన కొద్ది రోజులకే ఎల్‌జెడ్‌ప్లే అనే ఒక సైట్ నుంచి చిన్న యాప్ దించుకుంటే గూగుల్ అంతా వచ్చేసేది. ఫోన్ మీద పూర్తి పెత్తనం ఇమ్మని ఆ యాప్ అడిగేది, జనం ఇచ్చేశారు. దాని లోపల ఏం జరుగుతోందో ఒక సెక్యూరిటీ పరిశోధకుడు విప్పి రాశాక, అక్టోబర్ మొదట్లో ఆ సైట్ మాయమైంది, ఆ దారీ మూసుకుపోయింది. 2020 ఫిబ్రవరిలో గూగులే ఒక ప్రకటన చేసింది. సర్టిఫికెట్ లేని హువావే ఫోన్లలో తమ యాప్‌లను బయటి నుంచి తెచ్చి వేసుకోవద్దని, అవి సరిగ్గా పనిచేస్తాయన్న భరోసా లేదని, వాటిలో మార్పులు చేసి ఉండే ప్రమాదం ఉందని చెప్పింది. ఏ ఆంక్షలను భద్రత కోసం పెట్టామన్నారో, వాటివల్లే మామూలు మనుషులు ఊరూ పేరూ లేని సైట్ల నుంచి సాఫ్ట్‌వేర్ దించుకునే స్థితికి వచ్చారు. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

పాత ఫోన్లవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు ఏదీ ఊడిపోలేదు, కానీ గడువులతో బతికారు. ఆ 90 రోజుల తాత్కాలిక లైసెన్స్ 2019 ఆగస్టులో అయిపోవాలి. మరో 90 రోజులు పొడిగించారు. నవంబర్‌లో మళ్ళీ, 2020 ఫిబ్రవరిలో మళ్ళీ, అలా 45 రోజులో 90 రోజులో జరుపుతూ వచ్చి, చివరికి 2020 ఆగస్టు 13న ఇక పొడిగించకుండా వదిలేశారు. ప్రతి గడువుకూ పత్రికల్లో ‘ఇక హువావే ఫోన్ల పని అంతేనా’ అన్న శీర్షికే. ఫోన్ మామూలుగానే పనిచేస్తున్నా మనసులో టెన్షన్ పోలేదు. లైసెన్స్ ముగిశాక కూడా పాత ఫోన్లకు అప్‌డేట్లు ఇస్తామని హువావే చెప్పింది, ఇచ్చింది కూడా.

అయితే ఏ అప్‌డేట్ అన్నది చూడాలి. ఫోన్ కంపెనీలు ఆండ్రాయిడ్ మీద తమ సొంత తొడుగు వేస్తాయి. హువావే తొడుగు పేరు ఈఎంయూఐ. 2019 చివర్లో పీ30 ప్రోకి ఈఎంయూఐ 10 వచ్చింది, లోపల ఆండ్రాయిడ్ 10. తర్వాత ఈఎంయూఐ 11 వచ్చింది, లోపల మాత్రం ఆండ్రాయిడ్ 10 అలాగే ఉండిపోయింది. పైన అంకె పెరిగింది, అడుగున అంకె కదల్లేదు. ఇల్లు కొత్త రంగు వేసినట్టు కనిపిస్తుంది, గోడలు పాతవే.

సెక్యూరిటీ విషయంలో తేడా ఇంకా సూక్ష్మం. గూగుల్ ప్రతి నెలా ఆండ్రాయిడ్‌లో దొరికిన లోపాల జాబితా ప్రకటిస్తుంది. భాగస్వామి కంపెనీలకు కనీసం నెల ముందే ఆ కబురు చెబుతుంది, ప్రకటన వచ్చేసరికి మందు సిద్ధం చేసుకోమని. ఆ ముందస్తు కబురు అందని కంపెనీకి లోపం సంగతి లోకంతో పాటే తెలుస్తుంది. దొంగకీ తాళం వేసేవాడికీ ఒకే రోజు తెలిసినట్టు. మందు బహిరంగ కోడ్‌లో దొరుకుతుంది కాబట్టి వేసుకోవచ్చు, కాకపోతే ఆలస్యమవుతుంది. మొదట్లో చెప్పిన ఆ తేదీ ఎందుకు ముఖ్యమో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

అసలైన పెద్ద దెబ్బ సాఫ్ట్‌వేర్‌ది కూడా కాదు, చిప్‌ది. 2020లో అమెరికా నిబంధనలను ఇంకా బిగించింది. అమెరికా సాఫ్ట్‌వేర్‌తోనో యంత్రాలతోనో తయారైన చిప్ ప్రపంచంలో ఎక్కడ తయారైనా సరే, హువావేకి ఇవ్వాలంటే లైసెన్స్ కావాలంది. ఆధునిక చిప్‌ల తయారీలో ఎక్కడో ఒకచోట అమెరికా యంత్రం లేని ఫ్యాక్టరీ దాదాపు లేదు. తైవాన్‌లోని చిప్‌ల తయారీ కంపెనీ టీఎస్‌ఎంసీ సెప్టెంబర్ మధ్య నుంచి హువావేకి చిప్‌లు పంపడం ఆపేసింది. ఫలితం 2021 జులైలో కొనేవాళ్ళ చేతికే వచ్చింది. హువావే పీ50 విడుదల చేసింది, ఖరీదైన ఫోన్, గొప్ప కెమెరా, కానీ 5జీ లేదు. అమెరికా చిప్ కంపెనీ క్వాల్‌కమ్‌కి హువావేకి 4జీ చిప్‌లు అమ్మడానికే అనుమతి దొరికింది. మిగతా కంపెనీలు మధ్యరకం ఫోన్లలో కూడా 5జీ ఇస్తున్న కాలం అది. 2023 ఆగస్టులో చైనాలోనే, ఎస్‌ఎంఐసీ ఫ్యాక్టరీలో తయారైన చిప్‌తో మేట్ 60 ప్రో వచ్చేదాకా ఆ లోటు తీరలేదు.

పాత ఫోన్ విలువ సంగతి రెండు మాటల్లో చెప్పుకోవచ్చు, ఎందుకంటే అక్కడ చట్టం కంటే భయం ఎక్కువ పనిచేసింది. వార్త వచ్చిన వారంలోనే సింగపూర్‌లో సెకండ్ హ్యాండ్ దుకాణాల వాళ్ళు హువావే ఫోన్లు కొనడానికి వెనకాడారు. బ్రిటన్‌లో ఈఈ, వోడాఫోన్ నెట్‌వర్క్‌లు తమ 5జీ ప్రారంభంలో హువావే ఫోన్లను పక్కన పెట్టాయి. జపాన్‌లో పీ30 లైట్ విడుదలను వాయిదా వేశారు. పీ30లో ఆ రోజు ఒక్క స్క్రూ కూడా మారలేదు. దాని రేపటి మీద నమ్మకం తగ్గింది, ధర దాని వెంటే దిగింది. కంగారుపడి అయినకాడికి అమ్ముకున్నవాళ్ళే అందరికంటే ఎక్కువ నష్టపోయారు.

ఇలాంటి వార్త ఏదొచ్చినా అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. అది ప్రమాదం. 2021 జనవరిలో అమెరికా షావోమీని ‘బ్లాక్ లిస్ట్’లో పెట్టిందని వార్త వచ్చింది. మన ఇళ్ళలో రెడ్‌మీ లేని ఇల్లు అరుదు. ఇక మన ఫోన్లకు కూడా గూగుల్ ఉండదు అనుకున్నవాళ్ళు ఎందరో. కానీ అది వాణిజ్య శాఖ జాబితా కాదు, రక్షణ శాఖది. అమెరికన్లు ఆ కంపెనీ షేర్లలో పెట్టుబడి పెట్టకూడదన్నదే దాని సారాంశం. ఫోన్‌కీ దానికీ సంబంధమే లేదు. షావోమీ కోర్టుకెళ్ళి మార్చిలో స్టే తెచ్చుకుంది, మే నెలలో జాబితా నుంచే బయటపడింది. రెడ్‌మీ వాడేవాళ్ళకు ఒక్క అప్‌డేట్ కూడా ఆగలేదు. దానికి పూర్తి వ్యతిరేకం మరో చైనా టెలికాం కంపెనీ జెడ్‌టీఈ కథ. 2018 ఏప్రిల్‌లో అమెరికా ఏడేళ్ళ పాటు దానికి ఎవరూ ఏమీ అమ్మకూడదంది. మే 9 నాటికి ప్రధాన వ్యాపారమే ఆపేశామని కంపెనీ ప్రకటించింది. వంద కోట్ల డాలర్ల జరిమానా కట్టి, మరో 40 కోట్లు పూచీగా పెట్టాక జులైలో ఊపిరి తీసుకుంది. ఏ శాఖ, ఏ జాబితా, ఏది ఆపమంది, ఈ మూడూ తెలియకుండా ఫోన్ అమ్మేయాలో ఉంచుకోవాలో తేల్చుకోలేం.

మన ప్రభుత్వం చేసిన పనీ ఇంకో రకం. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్ గురించే అందరూ మాట్లాడుకున్నారు గానీ, ఆ జాబితాలో షావోమీ సొంత యాప్‌లు ‘ఎంఐ కమ్యూనిటీ’, ‘ఎంఐ వీడియో కాల్’ కూడా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కంపెనీ 2015లోనే షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. అంటే మన దగ్గరే తయారైన ఫోన్‌లో మన దగ్గరే నిషేధించిన యాప్ అన్నమాట. నిషేధించిన యాప్‌లేవీ లేని కొత్త సాఫ్ట్‌వేర్‌ను భారత్ కోసం విడిగా తయారుచేస్తామని షావోమీ ప్రకటించింది. ఇక్కడ పోయింది కొన్ని యాప్‌లు, ఫోన్‌కి ఉన్న గూగుల్ కనెక్షన్ చెక్కుచెదరలేదు.

హానర్‌ని హువావే 2020 నవంబర్‌లో అమ్మేసింది. చేతులు మారాక జాబితా నీడ తొలగింది, 2021లో హానర్ 50తో గూగుల్ తిరిగొచ్చింది. కాబట్టి హానర్ అన్న పేరు చూసి ఇప్పుడు భయపడనక్కర్లేదు, ఏ ఏడాది మోడలో చూసుకుంటే చాలు. హువావే మాత్రం ఇంకా ఆ జాబితాలోనే ఉంది. చైనాలో 2024 అక్టోబర్‌లో తెచ్చిన తన సొంత ఆపరేటింగ్ సిస్టమ్ హార్మొనీఓఎస్ నెక్స్ట్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు నేరుగా పడవు. హువావే దారీ, ఆండ్రాయిడ్ దారీ ఇక కలిసేలా లేవు.

గల్ఫ్‌లోనో మలేషియాలోనో ఉన్న మనవాళ్ళు ఎవరైనా హువావే ఫోన్ తెస్తామంటే వద్దనక్కర్లేదు, ఆ కెమెరాలు నిజంగా మంచివి. డబ్బు కట్టకముందు దుకాణంలోనే ఫోన్ ఆన్ చేయించి ప్లే స్టోర్ ఉందో లేదో చూడమనండి. లేకపోతే, ఆ ఫోన్ వాడబోయే మనిషికి ఏ బ్యాంకు యాప్ లేనిదే రోజు గడవదో అడిగి, అది పడుతుందో లేదో అక్కడే చూసుకోమనండి. పాత ఫోన్‌ను మాత్రం తుడిచేసి ఎవరికీ ఇచ్చేయకండి. వాట్సాప్ చాట్‌లు, ఫోటోలు, అమ్మమ్మ గొంతు కొత్త ఫోన్‌లోకి చేరాయని కళ్ళారా చూసుకునేదాకా దాన్ని బీరువాలోనే ఉంచండి.